కొమ్ములోని పసుపు నెత్తురు దాకా చేరుతుందా?

*ఒకవైపు పసుపు, మరోవైపు చక్కెర పండించిన జిల్లాలో ఊబకాయం, మధుమేహం, మొక్కల రసాయనాల మీద ఆశలు*

మాఘ ఫాల్గుణ మాసాల్లో నిజామాబాద్ మార్కెట్ యార్డు తెల్లవారేసరికే పచ్చని ధూళితో నిండిపోతుంది. ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, కమ్మర్‌పల్లి దిక్కుల నుంచి వచ్చిన బస్తాలను షెడ్ల కింద విప్పి, కాడిని ఒకచోట, గోళను, అంటే గుండ్రని దుంపను, మరొకచోట, చూరను, అంటే విరిగిన ముక్కలను, ఇంకోచోట కుప్పలు పోస్తారు. వ్యాపారి కుప్పలోంచి ఒక కాడిని, అంటే కొమ్మును, తీసి రెండు చేతుల్తో విరుస్తాడు. బాగా ఉడికి, పదిహేను రోజుల ఎండను బాగా తాగిన కొమ్మయితే ఖణేలుమని విరుగుతుంది, ఆరీ ఆరనిదయితే మెత్తగా వంగి బేరాన్ని కూడా తనతోపాటు వంచుతుంది. విరిగిన ముఖం మీద నారింజ ఛాయ కలిసిన పసుపు రంగు మెరుస్తుంది. రైతు చేతి గీతల్లో నెలల తరబడి నిలిచిపోయే ఆ రంగుకు రసాయన శాస్త్రం పెట్టిన పేరు కర్కుమిన్. దానిని 1815లోనే పసుపు నుంచి వేరు చేయగా, అణువు నిర్మాణం 1910లో తేలింది. ఊబకాయం వల్ల శరీరంలో రగిలే వాపును చల్లార్చి మధుమేహాన్ని అడ్డుకోగలదన్న ఆశతో ప్రపంచంలోని ప్రయోగశాలలు ఎక్కువగా పరీక్షించిన మొక్కల పదార్థాల్లో అది ఒకటి.

యార్డుకు పాతిక కిలోమీటర్ల దూరంలో, బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో, నిజాం చక్కెర కర్మాగారం పొగగొట్టాలు 2015 డిసెంబరు నుంచి పొగ ఎరగవు. ఒకప్పుడు ఆ పట్టణంలో ‘షుగర్’ అంటే ఫ్యాక్టరీ, కూలి, సైరన్, చెరకు బండ్ల వరుస. ఇప్పుడు ‘షుగర్ ఉందా?’ అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న నెత్తురు పరీక్ష గురించే.

పంట నుంచి బోర్డు దాకా

పసుపు ఇటీవల వార్తల్లో నిలవడానికి కారణం వైద్యం కాదు, ధర. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ స్థానానికి 185 మంది పోటీపడగా, వారిలో 178 మంది రైతులే. పసుపు బోర్డు, మద్దతు ధర అడగడానికి వారు ఎంచుకున్న దారి నామినేషన్. ఆ ఏప్రిల్ 11న ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండేసి ఓటింగ్ యంత్రాలను వరుసగా పేర్చవలసి వచ్చింది. జాతీయ పసుపు బోర్డును 2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధాని ప్రకటించగా, 2025 సంక్రాంతి నాడు పల్లె గంగారెడ్డి తొలి అధ్యక్షుడిగా అది లాంఛనంగా మొదలైంది, అదే ఏడాది జూన్ 29న నిజామాబాద్‌లో దాని ప్రధాన కార్యాలయం తెరుచుకుంది. ప్రపంచ పసుపు దిగుబడిలో మూడొంతులకు తగ్గకుండా మన దేశానిదే గనుక బోర్డు మాటల్లో ఎగుమతులు, విలువ జోడింపు అన్న పదాలు తరచుగా వస్తాయి. ఆ విలువ జోడింపులో పెద్ద వాటా ఆరోగ్యం పేరు మీద జరగబోతోంది. కోవిడ్ కాలంలో ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచనల్లో చేరిన పసుపు పాలు, విదేశీ కేఫుల్లో అమ్ముడవుతున్న పసుపు లాటే, మందుల దుకాణాల్లో సీసాలకెక్కిన కర్కుమిన్ గొట్టాలు (క్యాప్సూళ్లు) అన్నీ ఆ దారిలోనివే. రైతు ఆశ ఎంత న్యాయమైనదో, రోగి ఆశను ఎంతవరకు నిజం చేయవచ్చో తేల్చుకోవడమూ అంతే అవసరం.

> ■ అమెరికా వెనక్కి తీసుకున్న పేటెంటు
> గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతిపై 1995లో అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం పరిశోధకులకు పేటెంటు దక్కింది. ఇది తరతరాల భారతీయ గృహవైద్యమేనని పాత గ్రంథాలు, పత్రాలు చూపి భారత శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి సవాలు చేయగా 1997లో అది రద్దయింది. పాతదని నిరూపిస్తే పేటెంటును ఓడించవచ్చు, వైద్యంగా పనిచేస్తుందని నిరూపించడం మాత్రం వేరే పని.

కాలువ మార్చిన కంచం

మంజీరపై అచ్చంపేట, బంజేపల్లి మధ్య 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్, నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో కట్టిన జలాశయం. సుమారు 2,75,000 ఎకరాలకు నీరివ్వాలన్న లెక్కతో తవ్విన దాని కాలువలు బాన్సువాడ, వర్ని, బోధన్ దిక్కుల పంటల స్వరూపాన్ని ఒక తరంలోనే తిరగరాశాయి. జొన్న, పప్పుధాన్యాలు పండే మెట్ట నేలల్లోకి చెరకు, వరి వచ్చాయి, కృష్ణా గుంటూరు జిల్లాల నుంచి వలస వచ్చిన రైతుల క్యాంపులు వెలిశాయి, 1937లో నెలకొల్పిన నిజాం షుగర్స్ ఒక దశలో ఆసియాలోనే పెద్దదన్న పేరు తెచ్చుకుంది. రుద్రూర్‌లోని పరిశోధన కేంద్రం పేరులో ఇప్పటికీ చెరకు, వరి రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు మళ్లు కూడా చాలావరకు వరికే చేరాయి.

దీనిలో తప్పు పట్టవలసిన వారెవరూ లేరు. ఆకలిని ఎరిగిన నేలకు నీరు, వరి భాగ్యమే. అయితే కంచంలో జరిగిన మార్పును గమనించాలి. జొన్నరొట్టె, గట్క, అంబలి తిన్న కడుపుకు పీచు, పొట్టులోని పాలీఫినాల్స్ తిండితోపాటే దొరికేవి. పాలీఫినాల్స్ అంటే మొక్కలు తమను తాము పురుగు నుంచి, ఎండ నుంచి కాపాడుకోవడానికి తయారు చేసుకునే రంగు, వగరు, చేదు పదార్థాల పెద్ద కుటుంబం. జొన్న వగరుకు, పుంటికూర కాడ ఎరుపుకు, ఉల్లి పొరలోని పసుపు ఛాయకు, కర్కుమిన్‌కు అందులోనే చోటుంది. మరలో బాగా పాలిష్ పట్టిన బియ్యంలో తవుడుతోపాటు వాటిలో అధికభాగం పశువుల దాణాకు వెళ్లిపోతుంది. భారతీయుల శక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని, అందులోనూ తెల్లబియ్యం, మర పట్టిన గోధుమ, చక్కెరలదే పెద్ద వాటా అని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోని ఇండియాబ్ సర్వే తేల్చింది. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దానికి ముందు మెట్టు ఉన్నాయని 2023లో లెక్కగట్టినదీ ఆ సర్వేయే.

కంచం మారినంత వేగంగా పనీ మారింది. నాట్లకు, కోతలకు యంత్రాలు దిగాయి. పసుపును పెనాల మీద ఉడకబెట్టే చోట ఆవిరి బాయిలర్లు వచ్చాయి. ఆర్మూర్, కామారెడ్డి దిక్కుల వాడల్లో వేలాది మంది స్త్రీలకు ఆధారం ఒడిలో చాట పెట్టుకుని తునికాకు చుట్టే బీడీ పని, అది వేళ్లకు తప్ప ఒంటికి కదలిక లేని కొలువు. పొద్దంతా కూర్చునే దేహానికి మధ్యలో దొరికే శక్తి రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్. వ్యవసాయ కూలి తినే అన్నమంతే బీడీ చుట్టే ఆమె కూడా తింటుంది, ఒంట్లో అయ్యే ఖర్చు మాత్రం అంత కాదు.

రగిలే కొవ్వు

ఊబకాయానికీ మధుమేహానికీ మధ్య ఉన్న వంతెనను శాస్త్రజ్ఞులు ‘ఇన్‌ఫ్లమేషన్’ అంటారు. తెలుగులో శోథ అనో వాపు అనో రాసినా, ముల్లు గుచ్చుకున్నప్పుడు ఎర్రబడి, ఉబ్బి, సలిపే వాపు వంటిది కాదిది. నొప్పి లేకుండా, జ్వరం లేకుండా, నివురు కింద నిప్పులా ఏళ్ల తరబడి రగులుతుంది. కొవ్వు కణం నిజానికి ఒక కొట్టుగది. అక్కరకు మించిన శక్తిని అది దాచిపెడుతుంది. సరుకు పట్టక గది ఉబ్బి, ప్రాణవాయువు అందక కణాలు చనిపోతూ ఉన్నప్పుడు, శుభ్రం చేయడానికి రోగనిరోధక వ్యవస్థకు చెందిన భక్షక కణాలు అక్కడికి చేరతాయి. ఊబకాయుల కొవ్వులో ఇవి గుంపులుగా ఉంటాయని 2003లో తెలిసింది. అవీ, కొవ్వు కణాలూ కలిసి విడుదల చేసే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా వంటి సంకేత ప్రోటీన్లు ఇన్సులిన్ మాట కండరాలకు, కాలేయానికి వినపడకుండా చేస్తాయి. ఈ ప్రోటీన్‌కు ఊబకాయంతో, ఇన్సులిన్ నిరోధంతో ఉన్న సంబంధాన్ని 1993లో హార్వర్డ్ పరిశోధకులు ఎలుకల్లో చూపడంతో ఈ శాస్త్రశాఖకు పునాది పడింది. ఇన్సులిన్ తలుపు తట్టినా కణం తెరవకపోతే, క్లోమగ్రంథి మరింత ఇన్సులిన్‌ను పోస్తూ పోస్తూ చివరికి అలసిపోతుంది. నెత్తురులో చక్కెర నిలిచిపోయేది అప్పుడే.

ఇందులో తెలుగువారికి, మొత్తంగా భారతీయులకు, ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పుణెకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యూడ్‌కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఫొటోనే ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువు సూచిక ఇద్దరికీ ఒక్కటే, 22.3. కొవ్వు మాత్రం యూడ్‌కిన్ ఒంట్లో 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చేతులు కాళ్లు సన్నగా ఉండి, పొట్ట మాత్రం ముందుకు వచ్చిన దేహం మన వీధుల్లో కొత్త కాదు. దానిని లావు అని ఎవరూ అనరు కాబట్టే ఆ లోపలి సెగ ఎవరికీ తట్టదు. మన దేశంలో నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదంగా పరిగణించడం అందుకే.

ఆ సెగను ఆర్పేస్తే మధుమేహం పోతుందా అన్న ప్రశ్నకు జవాబు సూటిగా లేదు. విల్లో చెట్టు బెరడు నుంచి వచ్చిన సాలిసిలేట్ మందులు మూత్రంలో చక్కెరను తగ్గిస్తాయని జర్మన్ వైద్యుడు ఎబ్‌స్టైన్ 1876లోనే గమనించాడు. ఆ వంశానికే చెందిన సాల్సలేట్‌ను మధుమేహులకు 48 వారాలు ఇచ్చి చూసిన అమెరికా పరీక్షలో, 2013లో వెల్లడైన ఫలితం ప్రకారం, మూడు నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 0.37 పాయింట్లు తగ్గింది, అయితే మూత్రంలోకి ప్రోటీన్ కాస్త ఎక్కువగా జారింది. వాపును మరో మూలంలో గట్టిగా అడ్డుకునే ఖరీదైన కెనకినుమాబ్ ఇంజెక్షన్‌ను పదివేల మందికి పైగా గుండె రోగుల మీద పరీక్షించినప్పుడు గుండెపోట్లు తగ్గాయి గాని కొత్తగా మధుమేహం రావడం ఆగలేదు. పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూనే మంట మీద నీళ్లు చల్లితే వచ్చేది పొగే.

పారాణి చెప్పే రసాయనం

కర్కుమిన్ గొప్పదనం, బలహీనత రెండూ తెలుగు ఇంట్లో ప్రయోగశాల అక్కర లేకుండానే కనిపిస్తాయి. పసుపు చిటికెను నీళ్లలో వేస్తే అడుగున పేరుకుంటుంది, పోపు నూనెలో వేస్తే క్షణంలో కరిగి నూనెనంతా పచ్చగా మారుస్తుంది. అంటే అది నూనెలో కరిగే పదార్థం, నీటితో దానికి పొత్తు లేదు. అదే పసుపుకు సున్నం తేట కలిపితే ఎర్రబడి పెళ్లికూతురి పాదాలకు పారాణి అవుతుంది. సున్నంలోని క్షారం కర్కుమిన్ అణువు రూపును మార్చడమే ఆ ఎరుపు. క్షారంలో రూపు మారడంతోనే ఆగక ఆ అణువు ముక్కలైపోతుంది కూడా. నెత్తురుకు ఉండేపాటి కొద్దిపాటి క్షారగుణం గల ద్రవంలో కూడా కర్కుమిన్‌లో అధికభాగం అరగంటలోపే విచ్ఛిన్నమవుతుందని పరీక్షల్లో తేలింది. మిగిలిన దానిని పేగు గోడలు, కాలేయం వెంటనే మరో పదార్థానికి అతికించి బయటికి పంపేస్తాయి. పరీక్షనాళికలో కణాల మీద పోసినప్పుడు వాపు సంకేతాలను మూకుమ్మడిగా అణిచివేసే అణువు, నోటి ద్వారా వెళ్లాక నెత్తురులో దాదాపు కనబడకపోవడానికి కారణం ఇదే.

దీనికి ఒక ఉపాయాన్ని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో చూపారు. మిరియాల్లో ఘాటుకు కారణమైన పైపరిన్ 20 మిల్లీగ్రాములను 2 గ్రాముల కర్కుమిన్‌తో కలిపి ఇస్తే, శరీరానికి అందేది 2000 శాతం పెరిగింది. ఈ అంకెను మందుల డబ్బాల మీద పెద్ద అక్షరాల్లో వేస్తారు. దాదాపు లేని దానికి ఇరవై రెట్లయినా ఎంత అన్నది మాత్రం వేయరు. అయినా చారులో మిరియం, పసుపు, పోపులో నూనె ఒకచోట చేరిన వంటకు ఆ శాస్త్రం అడ్డురాదు.

> ■ చిటికెడు లెక్క
> ఈ ప్రాంతంలో చాలాకాలంగా పండిస్తున్న రకాల పసుపులో కర్కుమిన్ స్థూలంగా 2 నుంచి 4 శాతం. రోజుకు 2 గ్రాముల పసుపు తినే ఇంట్లో, 3 శాతం చొప్పున, ఒక మనిషికి చేరేది సుమారు 60 మిల్లీగ్రాములు. పేరు పొందిన మధుమేహ పరీక్షలో వాడిన రోజువారీ మోతాదు 1,500 మిల్లీగ్రాములు. కూర రూపంలో అంత కావాలంటే రోజుకు 50 గ్రాముల పసుపు తినాలి. ఆహార సంకలితాలపై అంతర్జాతీయ నిపుణుల సంఘం కర్కుమిన్‌కు పెట్టిన రోజువారీ పరిమితి కిలో బరువుకు 3 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 180 మిల్లీగ్రాములు.

తార్నాక ఎలుకలు, థాయ్‌లాండ్ గొట్టాలు

1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనగా మొదలై 1958లో హైదరాబాద్ తార్నాకకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ కథలో తెలుగు నేలకు చెందిన ముఖ్యమైన పాత్ర. 1990లలో అక్కడి ఎలుకల సంతతిలో సహజంగానే పుట్టిన ఊబకాయపు ఎలుకలను సంస్థ కాపాడి, పెంచి, లావుకూ జబ్బుకూ సంబంధం చదవడానికి వాడుతోంది. పసుపుపై ఆ సంస్థ చేసిన పనిలో ఒకటి ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. మధుమేహం కలిగించిన ఎలుకలకు మేతలోనే తక్కువ మోతాదులో కర్కుమిన్, విడిగా పసుపు పొడి కలిపి పెట్టినప్పుడు నెత్తురులో చక్కెర ఏమాత్రం తగ్గలేదు, అయినా కంటిలో శుక్లం ముదరడం ఆలస్యమైంది. 2005లో వెలువడిన ఈ ఫలితంలో మరో మలుపు, శుద్ధి చేసిన కర్కుమిన్ కంటే దానికి సరిపడే పసుపు పొడే మెరుగ్గా పనిచేయడం. కొమ్ములో ఒక అణువు కాదు, సువాసన నూనెలు, పీచు, మరికొన్ని పేరులేని చుట్టాలు కలిసి ఉంటాయి. చక్కెర తగ్గించకుండానే చక్కెర చేసే నష్టాన్ని కాస్త ఆపవచ్చునన్న సూచన వినడానికి చిన్నదే గాని, డబ్బాల మీది గొప్పల కంటే నమ్మదగింది. ఎలుక మనిషి కాదన్న మాటను ఇక్కడా మరవకూడదు.

మనుషుల మీద జరిగిన పరీక్షల్లో తరచుగా ఉదహరించేది 2012లో వెలువడిన థాయ్‌లాండ్ అధ్యయనం. మధుమేహానికి ముందు మెట్టులో ఉన్న 240 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు కర్కుమిన్ గొట్టాలు, రెండో జట్టుకు మందు లేని ఉత్త గొట్టాలు తొమ్మిది నెలలు ఇచ్చారు. ఉత్త గొట్టాలు మింగిన వారిలో 16.4 శాతం మందికి మధుమేహం రాగా, కర్కుమిన్ జట్టులో ఒక్కరికీ రాలేదు. ఫలితం ఇంత శుభ్రంగా ఉండటమే అనుమానాన్నీ పెంచుతుంది. ఒకే ఒక్క కేంద్రంలో జరిగిన పరీక్ష అది, దాన్ని పెద్ద ఎత్తున, వేరే దేశాల్లో, అదే గెలుపుతో ఎవరూ తిరిగి చూపలేదు. 2017లో కొందరు ఔషధ రసాయన శాస్త్రజ్ఞులు మరింత కటువుగా మాట్లాడారు. కర్కుమిన్ తానే వెలుగు చిమ్ముతుంది, అనేక ప్రోటీన్లకు ఇష్టం వచ్చినట్టు అతుక్కుంటుంది, కాబట్టి పరీక్షనాళికలో ఏది అడిగినా ‘అవును’ అనే అణువు అది, దాని మీద ఆశలు పెంచుకోవడం వృథా అని వారి వాదం. ఈ రెండు కొసల మధ్య ఎక్కడో నిజం ఉంది. చిన్న చిన్న పరీక్షలను కలిపి లెక్కించినప్పుడు వాపు సూచికల్లో, ఉపవాస చక్కెరలో కొద్దిపాటి తగ్గుదల కనిపిస్తున్నా, మందును పక్కన పెట్టేంత తగ్గుదల మాత్రం ఎక్కడా లేదు.

చిన్నచూపు చూసిన మెంతి

పసుపుకు వచ్చిన పేరు మెంతికి రాలేదు. దాని రంగు మెరవదు, రుచి చేదు, దాని పేరు మీద ఎన్నికల్లో ఎవరూ నామినేషన్ వేయలేదు. అయినా మధుమేహం విషయంలో గట్టి సాక్ష్యం దానిదే. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1990లో ఇన్సులిన్ మీద ఆధారపడిన రోగులకు నూనె తీసిన మెంతి పొడి 100 గ్రాములు, రెండు పూటల భోజనంలో కలిపి పది రోజులు ఇవ్వగా, ఉపవాస చక్కెర దిగింది, రోజంతా మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది. వంద గ్రాములు ఎవరూ ఇంట్లో తినలేరు, అందుకే సంస్థ తర్వాతి సలహాల్లో పాతిక గ్రాముల నుంచీ మొదలుపెట్టవచ్చని చెప్పింది. మెంతి చేసే పనిలో మాయ లేదు. దానిలో గెలాక్టోమానన్ అనే జిగురు పీచు ఉంది. రాత్రి నానబెట్టిన మెంతులను తెల్లారి వేళ్ల మధ్య నలిపితే జారే ఆ జిగటే పేగులో అన్నం ముద్దను చుట్టుకుని, చక్కెర నెత్తురులోకి ఒక్కసారిగా దూకకుండా చుక్కచుక్కగా వదులుతుంది.

పీచు పని అక్కడితో ఆగదు. పేగు చివర నివసించే సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి బ్యూటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి, అవి పేగు గోడకు ఆహారమై దానిని బిగువుగా ఉంచుతాయి. గోడ వదులైతే సూక్ష్మజీవుల శకలాలు నెత్తురులోకి కారి, ముందు చెప్పిన వాపును ఎగదోస్తాయి. కర్కుమిన్ వంటి పాలీఫినాల్స్ నెత్తురులోకి చేరకపోయినా పేగులోనే ఉండి ఈ సూక్ష్మజీవుల సంసారాన్ని చక్కదిద్దుతాయేమోనన్న ఆలోచన ఇటీవల బలపడుతోంది. అదే నిజమైతే, ‘శరీరానికి అందదు’ అన్న పసుపు లోపం లోపమే కాకపోవచ్చు. జొన్నరొట్టెతో పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ, మెంతికూర వేపుడు తినే మనిషికి ఏ ఒక్క అణువూ మందు మోతాదులో అందదు, అన్నీ కొద్దికొద్దిగా, పీచుతో, రోజూ అందుతాయి. వరి మానలేని ఇంటికి కూడా కొంత వెసులుబాటు ఉంది. రాజేంద్రనగర్ శాస్త్రజ్ఞులు రూపొందించిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, జనం పిలుపులో తెలంగాణ సోనా, అన్నం చక్కెరగా మారే వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ సూచికలో 51 దగ్గర నిలుస్తుంది. మామూలు తెల్లబియ్యం చాలావరకు అంతకంటే పైనే ఉంటాయి. అయితే సోనా అని తెలిసి రెండో మారు వడ్డించుకుంటే సూచిక చేసేదేమీ లేదు.

చెరకు ప్రాంతంలో తరచుగా వినిపించే మరో నమ్మకాన్నీ ఇక్కడే ప్రస్తావించాలి. చక్కెర మానేసి బెల్లానికి మారితే షుగర్ రోగికి ఫరవాలేదన్నది అది. గానుగ రసంలోని కొద్దిపాటి ఖనిజాలు, పాలీఫినాల్స్ బెల్లంలో మిగిలే మాట నిజమే గాని, దానిలో అత్యధికభాగం చక్కెరే. నెత్తురు ఆ రెంటికీ తేడా చూపదు.

> ■ మొక్క నుంచి గోలీ దాకా
> మధుమేహానికి ప్రపంచమంతటా ముందుగా రాసే మెట్‌ఫార్మిన్‌కు మూలం ఐరోపా పొలాల గట్ల మీద పెరిగే గలేగా అనే ఊదాపూల మొక్క. దానిలోని గ్వానిడిన్ నేరుగా వాడితే విషం, దాని చుట్టం మెట్‌ఫార్మిన్‌ను ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ 1957లో రోగులకు వాడి చూపాడు. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే ‘గ్లిఫ్లోజిన్’ మందులకు మూలం 1835లో యాపిల్ చెట్టు బెరడు నుంచి తీసిన ఫ్లోరిజిన్. మన మానుపసుపు కాండానికి పసుపు రంగునిచ్చే బెర్బెరిన్‌కూ చక్కెర తగ్గించే గుణం ఉందని 2008లో చైనాలో చిన్న పరీక్షలు చూపాయి, పేరు కలిసినా దానికి వంటింటి పసుపుతో బంధుత్వం లేదు.

సీసాలోని పసుపు, సీసం కలిసిన పసుపు

వంటలో పసుపు సురక్షితం అన్న అనుభవాన్ని గొట్టాల్లోని సారానికి అన్వయించడం పొరపాటు. 2019లో ఇటలీలో పసుపు సారం మాత్రలతో ముడిపడిన కాలేయ వాపు కేసులు వరుసగా బయటపడ్డాయి. అమెరికాలో మందుల వల్ల కాలేయం దెబ్బతినే కేసులను నమోదు చేసే వైద్యబృందం 2022లో పసుపు సారం వల్ల కలిగిన పది కేసులను వివరించింది. వారిలో ఏడుగురికి ఒకే రకమైన జన్యు గుర్తు ఉంది, కొన్ని డబ్బాల్లో పైపరిన్ కూడా కలిసి ఉంది. శరీరం వద్దని నెట్టేసే పదార్థాన్ని బలవంతంగా లోపలికి పంపే ఉపాయానికి కాలేయం దగ్గర లెక్క తేలుతుందన్నమాట. నెత్తురు పలుచబరిచే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు వైద్యుణ్ని అడగకుండా ఇటువంటివి మింగకూడదు. ‘మొక్కదే కదా’ అన్న భరోసా చెల్లదు, గన్నేరు కూడా మొక్కే.

రెండో ప్రమాదం రంగులోనే ఉంది. పాలిపోయిన కొమ్మును మెరిపించడానికి సీసం క్రోమేట్ అనే పచ్చ రంగును పూసే అలవాటు బంగ్లాదేశ్‌లో గర్భిణుల నెత్తురులో సీసానికి ఒక ప్రధాన కారణమని 2019లో అమెరికా, బంగ్లా పరిశోధకులు కలిసి తేల్చారు. అక్కడి ప్రభుత్వం మార్కెట్లలో దాడులు, ప్రచారం చేపట్టాక 2019లో 47 శాతం నమూనాల్లో దొరికిన సీసం 2021 నాటికి పూర్తిగా కనుమరుగైంది. కొమ్మును కొని ఎండలో పెట్టి ఊరి గిర్నీలో పట్టించుకునే అలవాటు నిజామాబాద్ ఇళ్లలో ఇంకా మిగిలి ఉంది. ఈ జిల్లా ఆరోగ్యానికి అది ఎంత మేలు చేస్తోందో చెప్పే లెక్కలేమీ లేవు గాని, చెడగొట్టుకోవలసిన అలవాటు మాత్రం కాదు.

కర్కుమిన్‌కు కట్టే ధర

ఔషధ కంపెనీలకు కావలసింది కొమ్ము కాదు, అందులోని శాతం. కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ విడుదల చేసిన ప్రతిభ రకంలో కర్కుమిన్ 6 శాతం దాకా, మేఘాలయ లకడాంగ్‌లో 7 శాతం దాకా ఉంటుంది. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం ఇక్కడి నేలకు తగిన రకాల కోసం పనిచేస్తోంది. రైతుకు మాత్రం ప్రశ్న మరోలా ఎదురవుతుంది. తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట, ఎకరానికి క్వింటాళ్ల కొద్దీ విత్తనం, దుంపకుళ్లు భయం, తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, డ్రమ్ములో పాలిష్ చేయడం ఇవన్నీ దాటి యార్డుకు చేరాక, వేలంలో ధరను ప్రధానంగా తేల్చేది కాడియా గోళా, తేమ ఎంత, గట్టిదనం, పైరంగు ఎలా ఉన్నాయన్నవే. 2016 ఏప్రిల్‌లో ఈ యార్డు జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్‌లో చేరిన తొలి మార్కెట్లలో ఒకటయినా, లోపలి శాతానికి సూటిగా ధర కట్టే పద్ధతి రైతు దాకా రాలేదు. కర్కుమిన్‌ను సారంగా పిండే పెద్ద కర్మాగారాలు కేరళలో కొచ్చి పరిసరాల్లో ఉన్నాయి. నిజామాబాద్ నుంచి బస్తాల్లో వెళ్లే సరుకు, ఎక్కడో సారమై, గొట్టాల్లో నిండి, ఇంగ్లిషు పేర్లతో తిరిగి వచ్చి నిజామాబాద్ ఖలీల్‌వాడి ఆసుపత్రుల వీధిలో మందుల దుకాణాల అద్దాల వెనుక కూర్చుంటుంది. బోర్డు పెట్టిన ఆశలన్నీ ఆ దారిని కొంతైనా ఇటు మళ్లించడం మీదే ఉన్నాయి. రైతుకు రావలసిన ధర కోసం పసుపు మధుమేహాన్ని నయం చేస్తుందని చెప్పనవసరం లేదు, రంగుగా, మసాలాగా, సారంగా దానికి ప్రపంచంలో గిరాకీ ఎలాగూ ఉంది.

రోగి పక్షాన చూస్తే, 2006లో చెన్నై వైద్యుడు ఎ. రామచంద్రన్ బృందం వెల్లడించిన ఫలితమే నేటికీ తూకానికి నిలుస్తుంది. ముందు మెట్టులో ఉన్న 531 మందిలో, తిండి మార్చి రోజూ నడిచిన వారికి మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం, మెట్‌ఫార్మిన్ తీసుకున్న వారికి 26.4 శాతం తగ్గింది. బీడీ చుట్టే ఆమెకు ఆశా కార్యకర్త వేలి కొసన చుక్క నెత్తురు తీసి, అంకె ఎక్కువగా ఉందని చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపితే అక్కడ చేతిలో పడేది ఆ గలేగా మొక్క చుట్టమైన తెల్ల గోలీయే, దానికి ఆమె పైసా కట్టనక్కర లేదు. రాత్రి ఇంట్లో పప్పు పోపులో వేసే పసుపుకు ఆమె కొలత చూడదు, చిటికెడు వేసి మూత పెడుతుంది, మెంతికూర కట్టను మాత్రం రేపటికని తడిగుడ్డలో చుట్టి పక్కన పెడుతుంది.